పాత కంప్యూటరుల పవరు పెట్టెలు

విద్యార్థులారా! పాత కంప్యూటరొకటి చేతికి దొరకిన యెడల మనవారి చేయి మొట్టమొదట దాని మీటమీదికే పోవును. "పనిచేయునో లేదో చూతము" అందురు. ముప్పది నలువది యేండ్లు అటకమీద పడియుండిన యంత్రమునకు ఆ యొక్క క్షణమే ప్రాణాంతకము కావచ్చును. ఏలయన, అట్టి యంత్రములలో సాధారణముగా ముందు చెడునది మెదడు కాదు. మెదడునకు ఆహారము నందించు పవరు పెట్టె. ఆ పెట్టె యొక్కొక్కప్పుడు తానొక్కటియే చెడును. ఒక్కొక్కప్పుడు తనతోకూడ యంత్రమునంతటిని చెఱచును. ఏ యంత్రపు పెట్టె యే విధముగా చచ్చునో యెఱిగినచో, దానిని బాగుచేయవలెనో, తీసివేసి క్రొత్తది పెట్టవలెనో మనకే తెలియును.

మన పాఠశాలకు ఈ సంవత్సరము బీబీసీ మైక్రో యను కంప్యూటరొకటి వచ్చినది. వేఱొక ఊరి పాఠశాలలో గది ఖాళీచేయుచు దీనిని తుక్కుక్రింద నమ్మబోవుచుండగా మన పూర్వవిద్యార్థి యొకరు చూచి, కొని, మనకు పంపిరి. తలిదండ్రులలో కొందఱు దీనిని చూచి, "జేబులోని ఫోనునకు దీనికంటె లక్షరెట్లకు మించిన జ్ఞాపకశక్తి యున్నది గదా, దీనితో పిల్లలకేమి పని?" అని యడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. ఫోనును విప్పిన యెడల మనకు కనబడునది యొక నల్లని బిళ్ల మాత్రమే. ఈ యంత్రపు మూత తీసిన యెడల ఇది ప్రాసెసరు, ఇవి జ్ఞాపకపు చిప్పులు, ఇది కీబోర్డునుండి వచ్చు త్రోవ యని వ్రేలితో చూపవచ్చును. ఒక్కొక్క కాలివద్ద వోల్టులు కొలువవచ్చును. పాఠము చెప్పుటకు ఇంతకంటె ననువైన కంప్యూటరు నాకు తెలియదు.

దీనిని ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి పట్టణములో ఏకార్న్ అను సంస్థ 1981 డిసెంబరులో విడుదల చేసినది. దీని నిర్మాణములో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు ముఖ్యులు. బ్రిటిషు రేడియో, టెలివిజను సంస్థయగు బీబీసీ ప్రజలకు కంప్యూటరు నేర్పుటకై చేపట్టిన ప్రణాళికలో నిది భాగము. ఇది మన దేశమునకు పరాయిది కాదు. 1984లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖయు, విద్యా మంత్రిత్వ శాఖయు కలిసి "క్లాస్" అను ప్రణాళికను ప్రయోగముగా ప్రారంభించి, 250 పాఠశాలలలో ఈ యంత్రముతోనే బోధన మొదలుపెట్టినవి. మొహాలీయందలి సెమికండక్టరు కాంప్లెక్సు అను ప్రభుత్వ సంస్థ దీనినే "యూనికార్న్" అను పేర మన దేశమున తయారుచేసినది. అందుచేత నేటికిని పాత పాఠశాలల అలమారలలో నిట్టివి దొరకుట వింత కాదు. దొరకినప్పుడు చేయవలసినదేమో తెలిసియుండుట మేలు.

కంప్యూటరు చిప్పులు కోరు ఆహారము మిక్కిలి నిర్ణీతమైనది. ఈ యంత్రమునందలి 6502 ప్రాసెసరునకును, దాని చుట్టునున్న చిప్పులకును 5 వోల్టుల డి.సి., అనగా ఏకముఖ విద్యుత్తు, కావలెను. నూటికి 5 వంతున హెచ్చుతగ్గులు సమ్మతము, అనగా 4.75 మొదలు 5.25 వఱకు. అంతకంటె తగ్గిన యెడల యంత్రము తడబడును, అక్షరములు చెదరును, తనంతట తానాగిపోవును; కాని చావదు. అంతకంటె హెచ్చిన యెడల చిప్పులు వేడెక్కును. 7 వోల్టులు దాటిన యెడల వానిలో పెక్కు మరల కోలుకొనవు.

ఇచట విద్యార్థులు తఱచుగా పొరబడు విషయమొకటి గలదు. పెట్టెమీద "5 వోల్టులు, 4 ఆంపియరులు" అని చూచి, "మన యంత్రమునకు 2 ఆంపియరులే కావలెను గదా, 4 వచ్చి కాల్చివేయవా?" అని భయపడుదురు. చెఱువును తలచుకొనుడు. వోల్టులనగా నీటి యెత్తు. ఆంపియరులనగా ప్రవహించు నీరు. నీటి మట్టము సరిగా నున్నంతవఱకు, చెఱువెంత పెద్దదైనను పొలము తన కాలువకు పట్టినంత నీటినే తీసికొనును. కావున వోల్టులు ఖచ్చితముగా సరిపోవలెను. ఆంపియరులు కావలసినంతయో, అంతకు హెచ్చుగనో యుండవలెను. తక్కువగా నుండరాదు.

గోడనుండి వచ్చు 230 వోల్టులను 5 వోల్టులుగా దించుటకు రెండు పద్ధతులు గలవు. మొదటిది పాత పద్ధతి. ఇనుపరేకుల ట్రాన్సుఫార్మరు 230ని 9 వోల్టులకు దగ్గఱగా దించును. డయోడులు దానిని డి.సి.గా మార్చును, రెగ్యులేటరు అను చిన్న చిప్పు మిగిలిన వోల్టులను వేడిగా మార్చి పాఱవేసి 5 మాత్రము వదలును. రెగ్యులేటరునకు 11 వోల్టులు వచ్చి, దానిగుండా ఒక ఆంపియరు ప్రవహించుచున్నదనుకొందము. యంత్రమునకు అందునది 5 వాట్లు. వేడిగా వ్యర్థమగునది 6 వాట్లు. తినుదానికంటె పాఱబోయునది యెక్కువ! అందుకే అట్టి పెట్టెలు చేయి కాలునంత వేడెక్కును.

రెండవది స్విచింగు పద్ధతి. ఇది 230 వోల్టుల ఏ.సి.ని, అనగా ఏకాంతర విద్యుత్తును, దించకయే డి.సి.గా మార్చును. 230ని 1.414 చేత హెచ్చవేయగా 325 వోల్టులు వచ్చును. దానిని సెకండునకు వేలకొలది పర్యాయములు కోసి కోసి ఒక చిన్న ట్రాన్సుఫార్మరులోనికి పంపి, అవతల 5 వోల్టులుగా గ్రహించును. వేడి తక్కువ, బరువు తక్కువ. బీబీసీ యంత్రముల పెట్టెలలో నధికభాగము ఈ పద్ధతివే. ఆ పెట్టెనుండి కంప్యూటరునకు 5 వోల్టులవద్ద 3.75 ఆంపియరులు వచ్చును. అడుగున నున్న వేఱొక సాకెట్టునుండి డిస్కు డ్రైవు కొఱకు 12 వోల్టులును, 5 వోల్టులును వచ్చును.

ఇక అది చచ్చు విధము. గోడనుండి వచ్చు తీగలకడ్డముగా, విద్యుత్తునందలి రొదను అణచుటకై, ఆ పెట్టెలో రెండు చిన్న కెపాసిటరులుండును, ఒకటి 0.1 మైక్రోఫారడు, రెండవది 0.01 మైక్రోఫారడు. అవి లోహపు పూతగల కాగితమును చుట్టచుట్టి, జిగురులో పోతపోసి చేసినవి. పసుపుపచ్చగా, పారదర్శకముగా కనబడును. రీఫా అను పేరుగల ఈ కెపాసిటరులు ఆనాటి అనేక యంత్రములలో గలవు. ఏండ్లు గడచుకొలది పైపోత పగులును. సన్నని నెఱ్ఱెలగుండా గాలిలోని తేమ కాగితమునకు చేరును. ఇక నొకనాడు మీట నొక్కగానే 230 వోల్టులు ఆ తడికాగితముమీద పడును. కొన్ని నిమిషములలో అది యుబ్బి, పగిలి, గదియంతయు దట్టమైన తెల్లని పొగయు దుర్వాసనయు వ్యాపించును. చూచువారు కంప్యూటరు కాలిపోయినదని గుండె బాదుకొందురు. కాని ఆ పొగలో కూడ యంత్రము తెరమీద అక్షరములు చూపుచునే యుండవచ్చును! ఆ కెపాసిటరులు ఆహారపు దారిలో లేవు; గడపవద్ద నున్న కాపలావారివంటివి మాత్రమే. వారు పడిపోయినను ఇల్లు నిలుచును. ఐనను పాఠశాలలో పొగ యనునది చిన్న విషయము కాదు. కావున వాని నెఱ్ఱెలు కనబడినను, కనబడకున్నను, మీట నొక్కకముందే రెంటిని మార్చివేయవలెను.

మార్చుటకు "ఎక్స్ 2" అను తరగతి కెపాసిటరులే కావలెను. ఎక్స్ తరగతి యనగా గోడనుండి వచ్చు రెండు తీగల నడుమ కట్టదగినవని యర్థము. తీగకును ఎర్తునకును నడుమ కట్టునవి వై తరగతి; అవి చెడిన యెడల మనుష్యునకు షాకు తగులును గనుక వాని నియమములు మఱింత కఠినము. హైదరాబాదు కోఠీ ప్రాంతపు ఎలక్ట్రానిక్సు అంగళ్లలో ఎక్స్ 2 కెపాసిటరులు దొరకును, వెల స్వల్పము. వేఱొక పట్టణములో నొక అంగడి యజమాని నాకు మామూలు కెపాసిటరు చూపి, "మాస్టారూ! మీరడుగునది 275 వోల్టులది. నేనిచ్చునది 400 వోల్టులది. ఇంకను మంచిదే గదా!" అనెను. ఆ 400 డి.సి. వోల్టులు, 275 ఏ.సి. వోల్టులు. 275 వోల్టుల ఏ.సి. తన శిఖరమున 389 వోల్టులను తాకును. పిడుగులు పడినప్పుడు, పెద్ద మోటారులు ఆగినప్పుడు తీగలలో పుట్టు తాకిడి వేల వోల్టులకు పోవును. ఎక్స్ 2 తరగతిది 2500 వోల్టుల తాకిడికి నిలువదగినట్లు పరీక్షింపబడును. చెడినను మంట పుట్టనట్లు చేయబడును. మామూలుదానికి అట్టి పరీక్ష లేదు. నేను దానిని తీసికొనలేదు. నేటి ఎక్స్ 2 కెపాసిటరులలో కాగితము లేదు. పాలిప్రొపిలీను అను ప్లాస్టిక్కు పొర గలదు. అది తేమను పీల్చదు.

అటుపిమ్మట చూడవలసినవి ఎలక్ట్రోలిటికు కెపాసిటరులు. డబ్బాలవలె నిలువుగా నుండును. వీనిలో ద్రవమొకటి యుండును; అది మెల్లమెల్లగా నెండిపోవును. వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడెల్ల వాని యాయుర్దాయము రెట్టింపగునని యింజనీర్ల స్థూలసూత్రము. ద్రవమెండిన యెడల 5 వోల్టులు నున్నగా రాక అలలుగా వచ్చును. యంత్రము కారణము తెలియకుండ తడబడును. ఉబ్బినవానిని, అడుగున తడి కారినవానిని తప్పక మార్చవలెను. అన్ని మార్చుటయే నా యభిప్రాయము. పెట్టెను పదేపదే విప్పుటకంటె ఒక్కమాఱే పని ముగించుట క్షేమము. మార్చునప్పుడు ధనఋణములు తారుమారు కారాదు.

ఇచట నొక్క మాట గట్టిగా చెప్పవలసియున్నది. స్విచింగు పెట్టెలోపల 325 వోల్టులు నిలువయుండు పెద్ద కెపాసిటరు గలదు. తీగ గోడనుండి ఊడదీసిన తరువాత కూడ అందు విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఉదాహరణమునకు 220 మైక్రోఫారడుల కెపాసిటరులో 325 వోల్టులున్నచో, సూత్రము ప్రకారము అందలి శక్తి సుమారు 11.6 జూలులు. కిలోగ్రాము రాయి నాలుగడుగుల యెత్తునుండి మీద పడినంత శక్తి యది. కాని రాయివలె తగులదు, రెండు చేతుల నడుమ గుండెగుండా పోవును. స్క్రూడ్రైవరుతో తాకించి దానిని చంపుదుమని కొందఱు మెకానిక్కులందురు. అది నిప్పురవ్వలు లేపి, తీగలను కాల్చి, కండ్లకు హాని చేయు మార్గము. 10,000 ఓములు, 10 వాట్ల రెసిస్టరును ఇన్సులేటెడు పట్టుకారుతో దాని రెండు కాళ్లమీదను ఆనించి నెమ్మదిగా పది పదునైదు సెకండులు పట్టియుంచిన యెడల శక్తి తీఱిపోవును. పిమ్మట మీటరుతో కొలిచి, సున్న యని చూచిన తరువాతనే చేయి పెట్టవలెను. ఈ పని పెద్దలు మాత్రమే చేయవలెను. విద్యుత్పని తెలిసినవారై యుండవలెను. విద్యార్థులు గోడవైపు పనిలో దూరముగా నిలిచి చూడవలెనేకాని తాకరాదు. 5 వోల్టులవైపు పనియంతయు మీదే.

ఇంతవఱకు చెప్పినది తాను చచ్చి యంత్రమును మిగిల్చు పెట్టె. ఇక యంత్రమును చంపు పెట్టె కథ వేఱు.

1982 ఆగస్టులో అమెరికాయందు కమొడోర్ 64 అను కంప్యూటరు 595 డాలరులకు విక్రయింపబడ నారంభించెను. అమెరికా, ఐరోపా దేశములలో లక్షలాది గృహములకు పోయిన యంత్రమది. దాని పవరు పెట్టె యంత్రమునకు వెలుపల ఇటుకవలె నుండును. పాత ట్రాన్సుఫార్మరు పద్ధతిది. అందులోనుండి 5 వోల్టుల డి.సి., 9 వోల్టుల ఏ.సి. అను రెండు వచ్చును. చాల పెట్టెలలో లోపలి భాగములన్నియు జిగురుతో పోతపోసి గడ్డకట్టింపబడినవి. వేడి బయటికి పోదు. విప్పి బాగుచేయుటకు వీలులేదు. ఏండ్లకొలది వేడిలో ఉడికిన రెగ్యులేటరు చెడునప్పుడు ఆగిపోదు, తెఱచుకొనిపోవును. చెఱువు తూమునకు పలక ఊడిపోయినట్లు, 5 వోల్టులుండవలసినచోట 6, 7, అంతకు హెచ్చుగ యంత్రములోనికి పోవును. ఆ 5 వోల్టుల తీగ జ్ఞాపకపు చిప్పులకును ఇతర చిప్పులలో నధికభాగమునకును నేరుగా పోవునది. కావున ముందుగా జ్ఞాపకపు చిప్పులు పోవును. తరువాత నేది పోవునో చెప్పలేము. బాబ్ యాన్నెస్ కల్పించిన 6581 అను శబ్దపు చిప్పు ఆ యంత్రమునకు పేరు తెచ్చినది; కమొడోర్ సంస్థ 1994 ఏప్రిలులో దివాలా తీసెను గనుక ఆనాటి చిప్పు ఇక తయారుకాదు. ఇరువది రూపాయల రెగ్యులేటరు చెడి అట్టిదానికి ముప్పు తెచ్చుట న్యాయమా?

"మీటరుతో కొలిచితిమి, 5 వోల్టులే వచ్చుచున్నవి" అని తృప్తిపడుట చాలదు. చల్లగా నున్నప్పుడు సరిగానుండి, అరగంట వేడెక్కిన పిమ్మట పైకెగయు పెట్టెలు గలవు. కావున పోతపోసిన ఇటుకపెట్టె విషయమున నా తీర్పు నిర్దాక్షిణ్యమైనది: దానిని బాగుచేయవలదు, క్రొత్తది పెట్టుడు. పాతది చరిత్రకై దాచదలచినచో, గోడలో పెట్టు తలను కోసివేసి దాచుడు. క్రొత్తదానిలో 5 వోల్టులకు నేటి స్విచింగు పెట్టె చాలును. కాని 9 వోల్టుల ఏ.సి.ని మఱువరాదు. శబ్దపు చిప్పునకు కావలసిన హెచ్చు వోల్టులు దానినుండియే పుట్టును. క్యాసెట్టు మోటారు దానితోనే తిరుగును. యంత్రములోని గడియారపు లెక్కలు ఆ ఏ.సి. అలలను లెక్కించియే నడచును. దానికొక చిన్న ట్రాన్సుఫార్మరు వేఱుగా నుండవలెను. రెంటి నడుమ ఒక కాపలా సర్క్యూటు, అనగా 5 వోల్టుల తీగలో సుమారు 5.5 వోల్టులు దాటగనే ప్రవాహమును తెంచునది, కలిపిన యెడల ఇంకను మేలు. అమెరికానుండి బంధువులు తెచ్చిన పెట్టె యైనచో అది 120 వోల్టులది. మన 230లో పెట్టిన యెడల వెంటనే మాడిపోవును.

మూడవ విధమొకటి గలదు. దానిని త్వరగా చెప్పి విడిచెదను. 1982 ఏప్రిలులో ఇంగ్లండునందు సింక్లెయిర్ సంస్థ విడుదలచేసిన జెడ్ ఎక్స్ స్పెక్ట్రమ్ పవరు పెట్టె చెడుటచేత కాక, దాని చోట మఱియొకదానిని పెట్టుటచేత చచ్చును. దాని తల లోపలి భాగము ఋణము, వెలుపలి భాగము ధనము. నేటి అడాప్టరులలో పెక్కింటికి ఇది తలక్రిందులు. తల దూరినది గదా యని పెట్టిన యెడల లోపలనున్న ట్రాన్సిస్టరు కాలును. దానితో జ్ఞాపకపు చిప్పులు చెడును. ఆ చిప్పులు పాత 4116 రకమువి. వానికి 5 వోల్టులే గాక 12 వోల్టులును, ఋణ 5 వోల్టులును కావలెను. ఆ ఋణ 5 తప్పిపోయి తక్కినవి యున్నచో చిప్పు నశించును. తల సరిపోవుట వేఱు, లోపలి విద్యుత్తు సరిపోవుట వేఱు. స్పెక్ట్రమ్‌లో వేడెక్కు 7805 రెగ్యులేటరు బదులు అదే కొలతగల చిన్న స్విచింగు రెగ్యులేటరు పెట్టిన యెడల పైన లెక్కించిన 6 వాట్ల వేడి యించుమించు పోవును. ఇది నిజముగా మెఱుగుపఱచుట.

మన బీబీసీ పెట్టెకు మఱలుదము. దీనిని కూడ తీసివేసి, 5, 12, ఋణ 5 వోల్టులిచ్చు నేటి మాడ్యూలు పెట్టవచ్చునని కొందఱందురు. పెట్టవచ్చును. ట్రాన్సుఫార్మరు కాలినదైనను, బోర్డు నల్లబడినదైనను అదియే మార్గము. అప్పుడు గోడవైపు స్క్రూలు చేతికి తగులనట్లు మూత యుండవలెను. లోహపు భాగములకు ఎర్తు తీగ తప్పక కలుపవలెను. కాని కెపాసిటరులు మాత్రమే ముసలివైన పెట్టెను పాఱవేయుటకు నాకు మనసొప్పదు. పండ్లు కదలినవాని తల తీయుట వైద్యము కాదు. అసలు పెట్టె సర్క్యూటు విప్పి చూడదగినది, బాగుచేయదగినది. ఇటుకపెట్టె అట్టిది కాదు. నా రెండు తీర్పులకును భేదము ఇదియే.

బాగుచేసినను, క్రొత్తది పెట్టినను, పరీక్షించు క్రమము ఒక్కటే. మొదట పెట్టెనుండి కంప్యూటరు బోర్డునకు పోవు తీగలనన్నిటిని ఊడదీయవలెను. మన ఊళ్ల రేడియో రిపేరు కొట్లలో బల్లకు బిగించిన సీరీసు దీపమును మీరు చూచియుందురు. గోడకును పెట్టెకును నడుమ 60 వాట్ల పాతకాలపు తంతువు దీపము వరుసలో నుండును. లోపల ఎచటనైన తీగలు కలిసిపోయిన యెడల దీపము నిండుగా వెలుగును, పెట్టె కాలదు. సరిగా నున్న యెడల దీపము ఒక్కమాఱు మెఱసి మంద్రమగును. ఎల్.ఈ.డి. దీపము దీనికి పనికిరాదు. ఇంత చవుకయైన కావలివాడు మఱియొకడు లేడు.

తరువాత పెట్టెకు దొంగబరువు తగిలింపవలెను. బరువులేని పెట్టె చూపు వోల్టులను నమ్మరాదు. కొన్ని స్విచింగు పెట్టెలు బరువు లేనిదే సరిగా నడువనే నడువవు. 2 ఓముల, 25 వాట్ల రెసిస్టరు 5 వోల్టులవద్ద 2.5 ఆంపియరులు తీసికొనును, అది 12.5 వాట్ల వేడి. కమొడోర్ వంటి చిన్నదానికి 4 ఓములు చాలును, అప్పుడు 1.25 ఆంపియరులు. రెసిస్టరును బల్లమీద గాక పెంకుమీద నుంచుడు, చేయి కాలును. 10వ తరగతివారు పది నిమిషముల కొకమాఱు చొప్పున గంటసేపు వోల్టులు కొలిచి పట్టికలో వ్రాయుదురు. గంట పొడుగునను 4.75, 5.25 నడుమ నిలిచినదే మంచి పెట్టె. మీటరును ఏ.సి.కి త్రిప్పి అలలెంతయో స్థూలముగా చూడవచ్చును. ఆసిలోస్కోపు ఉన్నచో ఇంకను మంచిది.

బీబీసీ పెట్టెనుండి బోర్డునకు ఏడు తీగలు వచ్చును: మూడు ఎఱ్ఱవి 5 వోల్టులకు, మూడు నల్లవి శూన్యమునకు, ఊదారంగుది యొకటి ఋణ 5 వోల్టులకు. ఈ చివరిది సీరియలు ద్వారమునకు ముఖ్యముగా కావలసినది. ఒకే వోల్టునకు మూడు తీగలేల యని 9వ తరగతి బాలిక యొకతె ప్రశ్నించెను. మంచి ప్రశ్న. తీగ చివరనున్న తొడుగు తుప్పుపట్టి 0.1 ఓము అడ్డు కలిగినదనుకొందము. 3 ఆంపియరులు ఒక్క తీగలోనే పోయిన యెడల 0.3 వోల్టు అచటనే నష్టమై బోర్డునకు 4.7 మాత్రమే చేరును, యంత్రము తడబడును. మూడు తీగలలో పంచుకొన్న యెడల ఒక్కొక్కదానిలో ఒక ఆంపియరే గనుక నష్టము 0.1 వోల్టే. ఇందువలన రెండు సంగతులు తెలియును. తొడుగులను శుభ్రముచేయకుండ పెట్టెను నిందింపరాదు. మఱియు, కొలువవలసినది పెట్టె నోటివద్ద కాదు, బోర్డుమీద చిప్పు కాళ్లవద్ద. మాడ్యూలునందు వోల్టులు సవరించు స్క్రూ ఉన్నచో అచటి కొలతనుబట్టియే త్రిప్పవలెను.

ఇవన్నియు ముగిసిన తరువాత ఎఱ్ఱ, నల్ల, ఊదా తీగలను వాని వాని చోట్ల తొడిగి, రంగులను ఇద్దఱు వేఱువేఱుగా సరిచూచి, అప్పుడు మీట నొక్కవలెను. యంత్రము రెండు స్వరములలో కూయును: మొదటిది మందము, వెంటనే రెండవది హెచ్చు. తెరమీద "బీబీసీ కంప్యూటర్ 32కే" అనియు, దాని క్రింద "బేసిక్" అనియు కనబడును. ఒక్కటే స్వరము ఆగక మ్రోగుచున్నచో వెంటనే ఆపి, మరల బోర్డుమీద 5 వోల్టులను కొలువుడు. అవి సరిగా నున్నచో లోపము వేఱొకచోట నున్నది, అది మఱియొక పాఠము.

తీసివేసిన పాత కెపాసిటరులను పాఱవేయక కవరులో వేసి యంత్రముతోకూడ నుంచుడు. పెట్టె మూత లోపలివైపున చీటీ యంటించి, ఏ భాగములు మార్చితిమో, వాని విలువలేవో, ఏ తేదీయో, బరువుతో కొలిచిన వోల్టులెన్నో సిరాతో వ్రాయుడు. చీటీ సెగ తగులు రెసిస్టరులకు దూరముగా నుండవలెను.